తిరిగొచ్చే పళ్ళేలు

టిబిలిసిలో, రైల్వే స్టేషన్ వెనక బజారులో
పదకొండు మెట్లు కిందికి దిగితే ఒక వంటగది.
అక్కడ నేను మూడు చలికాలాలు అంట్లు తోమాను.
ఎండాకాలాలూ వచ్చే ఉంటాయి,
ఆ నేలమాళిగకి ఎవరూ చెప్పలేదు.

లమారా అక్కడ పెద్ద వంటమనిషి.
పొట్టిది. ఎడమ చేతి మీద కాలిన మచ్చలు
మణికట్టు నుంచి మోచేతి దాకా, నిచ్చెన మెట్లలా.
ఏ మెట్టు ఏ ఏడాదిదో చెప్పగలదు.
అరిచేది కాదు.
"అరిస్తే నీళ్ళు మరుగుతాయా?" అనేది.

ఆ ఊళ్ళో ఖింకాలి తింటారు.
పల్చటి పిండి సంచి, లోపల మాంసం, చుట్టూ కాలే రసం.
పంతొమ్మిది మడతలు పెట్టి పైన ముడి బిగించాలి.
ముడి పట్టుకుని కొరికి, ముందు రసం జుర్రుకుని,
తిన్నాక ముడిని పళ్ళెంలో వదిలేస్తారు.
ఎవరెన్ని తిన్నారో ఆ ముడులే సాక్ష్యం.

కొత్తగా చేరిన జురా ఒక రాత్రి విసిగి
పదిహేడు మడతలకే ముడేశాడు.
"ఎవరు లెక్కపెడతారు?"
లమారా ఏమీ అనలేదు.
ఆ ఒక్కదాన్నీ మరిగే గిన్నెలో వేసింది.
అది చిట్లి, రసమంతా వదిలేసి,
తడిసిన గుడ్డపేలికలా పైకి తేలింది.
"నీళ్ళు లెక్కపెడతాయి" అంది.

పొగడ్తలు ముందు గుమ్మంలోంచి వచ్చేవి.
పైన హాల్లో ఎవరో మంత్రి
తన పేరు చెప్పి గ్లాసెత్తుతున్నా
ఆమె నా సింకు దగ్గరే ఉండేది,
తిరిగొచ్చిన పళ్ళేల మీదికి వంగి
డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూస్తూ.
ఏడు ముడులు. సరే.
సగం కొరికి వదిలేసింది ఒకటి.
దాన్ని వేళ్ళతో విప్పి, వాసన చూసి,
"నాలుగో బల్ల దగ్గర ఎవరు?" అని అడిగేది.
ఒకసారి అది పళ్ళు లేని ముసలాయన.
మర్నాటి నుంచి ఆయన పిండి ఇంకాస్త పల్చగా వత్తింది.
ఆయనకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.
నాకు పళ్ళెం చెప్పింది.

ఆ జనవరిలో ఆమెకి జలుబు చేసింది.
ఎవరి బిడ్డకో బాప్తిస్మం, ఎనభై మంది విందు.
మాంసం కలిపి, ఒకటి ఉడికించి, నోట్లో వేసుకుని
ఆగిపోయింది.
ముప్పై ఏళ్ళుగా వండుతున్న మనిషి
అందరూ వినేలా అంది:
"ఇవాళ నా నాలుక చచ్చిపోయింది."
వంటవాళ్ళని దాటుకుంటూ నా దగ్గరికి వచ్చింది.
"ఎతేరీ, నీ నాలుక అప్పియ్యి."

నా చేతుల నిండా సబ్బు. ఆమే నోట్లో పెట్టింది.
ఉప్పు.
జురా రెండుసార్లు వేసుంటాడు.
వాడు నా వైపే చూస్తున్నాడు.
బావుందనడానికి ఒక్క తలూపు చాలు.
పైన కుర్చీలు లాగుతున్న చప్పుడు.
"ఎక్కువైంది" అన్నాను,
నా గొంతు నాకే వినపడలేదు.

ఇంకొకరిని అడగలేదు లమారా.
ఉప్పు పడని మాంసం ఇంకో బేసిన్ తెప్పించి
రెండూ కలిపింది.
అందరం మడతలు పెట్టాం, నేను కూడా, వంకరగానే.
గంట ఆలస్యం.
తనే మెట్లెక్కి వెళ్ళి "తప్పు నాది" అని చెప్పి వచ్చింది.
జురా ఆ రాత్రి పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు,
పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.

ఇప్పుడు నాది మెట్రో కంట్రోల్ గదిలో రాత్రి డ్యూటీ.
ఇక్కడ వంటవాసన రాదు.
అందరూ నా మాట వింటారు, చిక్కంతా అక్కడే.
మొన్న తెల్లవారుజామున బోర్డు మీద ఎర్ర దీపం
వెలిగిందో, అలిసిన నా కళ్ళే వెలిగించాయో తెలియలేదు.
తెలిసినట్టు కూర్చోవచ్చు,
కుర్చీ ఉన్నది అందుకే.

లేచాను.
నేల తుడుస్తున్న అమ్మాయిని పిలిచాను.
"ఒక్కసారి నీ కళ్ళు అప్పియ్యి."
తడి చేతులు గౌనుకి తుడుచుకుని వచ్చింది.
చాలాసేపు చూసింది, నేను తొందరపెట్టలేదు.
"వెలుగుతోంది" అంది.

బండి ఆపేశాను.