నూరో సున్నా

డిసెంబరు ఇరవై ఏడు.
బాలినాలో వాన అడ్డంగా కొడుతోంది,
మోయ్ నది వంతెన మోకాళ్ళ దాకా వచ్చింది.
మాంసం కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరు బల్ల మీద పరిచి
జార్లత్ దగ్గర గడిచిన రోజులకు
నెస్సా ఆకుపచ్చ పెన్సిలుతో చుట్టిన సున్నాలు
లెక్కపెడుతున్నాను, రెండోసారి.

తొంభై ఏడు.

పన్ను ఆఫీసు రూలు చిన్నదే.
పిల్లను ఒంటరిగా పెంచేవాళ్ళకి ఏడాదికో తగ్గింపు,
తల్లిదండ్రుల్లో ఒక్కరికే.
పిల్ల నా దగ్గర కాబట్టి నాకే.
కానీ సాల్మన్ చేపలకు పొగబెట్టే షెడ్డులో
వారానికి మూడు పూటల నా జీతం
పన్ను గుమ్మం దాకా ఎన్నడూ ఎదగలేదు.
కట్టని పన్నుకు తగ్గింపంటే
బట్టతలకి బహుమతిగా వచ్చిన దువ్వెన.

నేను వదులుకుంటే అతను తీసుకోవచ్చట.
పాల లారీ తోలే మనిషి,
అతని జీతం ఇల్లు చేరేలోగా
కొంత దారిలోనే దిగిపోతుంది.
షరతు ఒకటే: పిల్ల అతని దగ్గర
ఏడాదిలో నూరు రోజులుండాలి.
రోజంటే, రోజులో సగం పైన.
ఫోనులో ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది,
తూచి పొట్లం కట్టినట్టు.

విడిపోయినప్పుడు
మంచాలు పంచుకున్నాం, అప్పులు పంచుకున్నాం,
కుక్క నాకు, నిచ్చెన అతనికి.
అలసిపోయి వదిలేసిన కాగితం ఇదొక్కటే.
అక్టోబరులో సంతకం పెట్టాను.
ప్రేమతో కాదు.
వచ్చినదాంట్లో సగం నెస్సా బూట్లకీ బస్సుకీ అని
రొట్టె కాగితం వెనక అతని చేత రాయించుకున్నాను.

ఇంకో మూడు సున్నాలు గీసేస్తే
ఎవరికి తెలుస్తుంది?
పెన్సిలు అక్కడే ఉంది. తీసుకున్నాను కూడా.
కానీ ప్రతి సున్నా లోపలా
ఆ రోజు తిన్నదేదో బొమ్మ వేసింది పిల్ల.
చేపముక్క. గుడ్డు. గుడ్డు.
నల్లగా రుద్దినది నాన్న మాడ్చిన గుడ్డు.
అబద్ధపు సున్నాలో
నేనేం వండి పెట్టను?

మర్నాడు సంచి సర్దాను.
పళ్ళ బ్రష్షు, మూడు జతల మేజోళ్ళు, చెవి ఊడిన కుందేలు.
"ఇవాళ శనివారం కాదుగా?"
"నాన్నకి సెలవులమ్మా."
సగం పైన ఉంటే రోజైనప్పుడు
సగం పైన నిజముంటే నిజమే అనుకున్నాను.

మూడు రాత్రులు.
ఇద్దరికి సరిపడా వండి
కుక్కతో కలిసి తిన్నాను.
మాటిమాటికీ బాయిలరు టక్కుమంటే
ఎవరో లేచారనుకున్నాను.

ముప్ఫయ్యో తేదీ రాత్రి ఫోను.
"అమ్మా, పన్ను ఊడింది!"
ఆ మాట ఎటు తిరగాలో తెలియక
ఒక్క క్షణం నా చెవి దగ్గరే నిలబడింది.
కింది వరసలో ముందుది.
నెల్లాళ్ళుగా ఊగుతున్నది,
రోజూ పడుకునే ముందు
వేలితో కదిపి చూసి
"రేపు" అని నేను వాయిదా వేస్తున్నది.
నేను లేని చోట రాలింది.

మర్నాడు గేటు ముందు పాల లారీ,
ఇంజను ఆపలేదు.
నెస్సా కుక్క మీద పడింది.
జార్లత్ కిటికీలోంచి అగ్గిపెట్టె అందించాడు,
నా మొహం వైపు చూడకుండా.
"దాచి ఉంచు. నా దగ్గరైతే పోతుంది."
లోపల దూది,
దూదిలో బియ్యపు గింజంత పాలపన్ను.

"పళ్ళ దేవత రెండు యూరోలిచ్చింది," అంది నెస్సా,
బూట్లయినా విప్పకుండా.
తర్వాత నా చెవిలో:
"చిల్లర కోసం నాన్న జాకెట్టు వెతికింది. నేను చూశాను."

క్యాలెండరులో మూడు సున్నాలు చుట్టింది.
చేపముక్క. గుడ్డు.
నూరోది ఖాళీ.
"ఆ రోజేం తినలేదా?" అన్నాను.
నోరు గుండ్రంగా తెరిచి చూపించింది.

రోజుల లెక్క రాసి కవరులో పెట్టాను.
పోస్టాఫీసు ఎల్లుండి దాకా తెరవరు.
కిటికీ సందులోంచి గాలి.
కవరు ఎగిరిపోకుండా
అగ్గిపెట్టె దాని మీద పెట్టాను,
దానికేదో బరువున్నట్టు.