మూత టెస్టూర్‌లో ఉంది

కూర్చోండి. టీ చల్లారిపోతోంది.
పైన తేలేవి పైన్ గింజలు, ఏరి పారేయకండి, ఖరీదు.
ఆ మడతల పటం పక్కన పెట్టండి,
ఈ మదీనా సందులు దాని మాట వినవు.
రొట్టె చుట్టిన కాగితం వెనకాల
నేను గీసిస్తాను.

ఇది మన గుమ్మం, మేకుల తలుపు, ఏడో నంబరు.
కుడికి తిరిగితే ఎర్రటోపీల వీధి.
అక్కడ రిజా అని ముసలాయన
ముళ్ళకాయతో ఉన్నిని దువ్వుతూ ఉంటాడు.
ఫోటో తీస్తే ఏమీ అనడు.
ధర అడిగి కొనకపోతే మాత్రం
మీ ముత్తాత దాకా వెళ్తాడు.

అత్తర్ల వీధిలో ముక్కు మూసుకు నడవండి,
లేకపోతే పర్సు ఖాళీ.
దాటితే సముద్రద్వారం.
పేరే అది. సముద్రం ఎప్పుడో అలిగి
వెనక్కి వెళ్ళిపోయింది.
సాయంత్రం పెద్దరోడ్డు చెట్ల కింద నిలబడకండి,
పిట్టలు వేలకు వేలు దిగుతాయి,
మీ చొక్కా తెల్లది.

రోడ్డు చివర చిన్న రైలు,
సరస్సు నడుమ గట్టు మీద పోతుంది.
కుర్రాళ్ళు తలుపులు పట్టుకు వేలాడతారు,
మీకా వయసు దాటింది.
అదృష్టం ఉంటే నీళ్ళలో ఫ్లెమింగోలు.
గులెట్‌లో దిగి బ్రిక్ తినండి, ముందుకు వంగి తినండి,
లోపల గుడ్డు ఊరుకోదు.
కార్తేజ్‌లో రాళ్ళున్నాయి. చాలా రాళ్ళు.
కొండమీది నీలం కిటికీల ఊరు
నేను చెప్పకపోయినా వెళ్తారు.

ఇంకో రోజుందా?

అయితే టెస్టూర్.
ఎర్రచార తెల్ల వ్యాను,
ఎనిమిదిమంది నిండితేనే కదులుతుంది.
అక్కడ మసీదు మీద గడియారం
వెనక్కి తిరుగుతుంది, అంకెలూ తిరగేసే ఉంటాయి.
ఎందుకని అడిగితే
ఊళ్ళో ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

అది చూశాక, వేరే పనేం లేకపోతేనే సుమా,
మూడో సందు, ఆకుపచ్చ తలుపు.
మున్జియా అని, దానిమ్మపళ్ళు అమ్ముతుంది.
నా పేరు ఎత్తక్కర్లేదు.
రెండు కిలోలు కొనండి.
తూకం మీద ఒకటి ఎక్కువ వేస్తుందో లేదో
చూసి రండి, చాలు.

పదకొండేళ్ళుగా ఇదే తపాలా.
పోలండ్ జంట చెప్పారు, మోకాలికి కట్టు కట్టుకుందని.
పోయిన రమదాన్ ముందు ఒక కొరియా కుర్రాడి చేతిలో
నా కాగితం చూసి
"షెద్లియా ఏడుకి ఇంకా తోక పెడుతోందా" అందట.
వాడికి అర్థం కాలేదు, ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాడు.
రెండుసార్లు వినిపించుకున్నాను.
మూడోసారి అడగడానికి మొహం చెల్లలేదు.

అమ్మ పోయాక ఒక రాగి గిన్నె మిగిలింది,
కుస్కుస్ వండేది.
నాకంటే నాకని మాటా మాటా పెరిగింది.
గిన్నె నాకు, మూత దానికి అని
తీర్పు చెప్పాడు పెద్దనాన్న.
ఆయన్ని ఏమనాలి, పోయినవాణ్ణి.
అప్పట్నించీ పళ్ళెం బోర్లించి వండుతున్నాను,
ఆవిరి పక్కల్నుంచి పోతుంది.
అదేం చేస్తోందో
ఒట్టి మూతతో.

నిన్న లిస్బన్ టీచరమ్మ సంచి విప్పితే
పదకొండు పళ్ళు. డబ్బు పుచ్చుకోలేదట.
ఒకటి కోశాను. పుల్లన.
అందరూ తీపి అడిగే ఊళ్ళో
పుల్లనివి ఏరి పెట్టాలంటే చెట్టు చెట్టూ తిరగాలి.
మా ఇంట్లో పుల్లనివి తినేది
నేనొక్కదాన్నే.

రేపు పొద్దున ఏడింటికల్లా స్టాండుకి వెళ్ళండి.
మీ వీపుసంచి పెద్దదే.
బట్టలు ఇక్కడే వదిలేయండి, ఉతికి ఆరేస్తాను.
ఒక గిన్నె పడుతుందేమో చూడండి.
మసి తోమేశాను.
బరువేం కాదు.
కొంచెం బరువే.