వాపసు గడి

"వర్ణనకు తగ్గట్టు లేదు" అని
గడిలో టిక్కు పెట్టి పంపేశాడు
లేవార్డెన్ నుంచి షూర్డ్ అనే ఆయన.
ఉన్న ఆరు గడుల్లో నాకు ఖరీదైనది అదే,
రానూపోనూ తపాలా ఖర్చు నా నెత్తినే.

వర్ణన రాసింది నేనే కదా, మళ్ళీ చదువుకున్నాను.
"ఉన్ని జెర్సీ. ముదురాకుపచ్చ, ఛాతీ మీద పసుపు పట్టీ.
డెబ్భైల నాటిది. వీపున మూడు జేబులు.
ఎడమ మోచేతి దగ్గర చిమట కొట్టిన చిల్లు, రఫ్ఫు చేసి ఉంది.
సైజు నాలుగు. ఆనాటి నాలుగు, ఈనాటిది కాదు,
దయచేసి టేపు పెట్టి కొలుచుకోండి."
ఇంతకంటే నిజం నేను
పాదిరి ముందు మోకరిల్లి కూడా చెప్పలేదు.

వంటింటి బల్ల మీద పొట్లం విప్పాను.
ముందు వాసన బయటికొచ్చింది.
పంపినప్పుడు కలరా ఉండల వాసన,
ఎవరిదో అటక మీది నలభయ్యేళ్ళ పెట్టె.
ఇప్పుడు మనిషి.
చంకల కింద ఉప్పు గీతలు
ఒకదాని బయట ఒకటి,
పోటు వెనక్కి తగ్గుతూ ఇసుక మీద వదిలేసినట్టు.
వెన్ను పొడుగునా బురద చారిక,
మడ్‌గార్డు లేని వెనక చక్రం చేసే సంతకం.
నడిమి జేబులో కాగితం చుట్టిన
అంజీరు కేకు, సగం కొరికింది.

"తొడిగి చూశాను, సరిపోలేదు" అని చీటీ.

అయ్యా, అద్దం ముందు
ఎన్ని కిలోమీటర్లు నిలబడ్డారు?
టైపు చేశాను. చెరిపేశాను.
"ఫొటోలు జతచేస్తున్నాను, గమనించగలరు."
అదీ చెరిపేశాను.

శనివారాలు పొట్లాలు కట్టే మా తమ్ముడి కొడుకు వన్నెస్
టేపు పళ్ళతో కొరుకుతూ అన్నాడు:
"ఒక్క సెంటు ఇవ్వకత్తా.
ఇచ్చావా, రేపు దేశమంతా తొడుక్కుని ఊరేగి
సోమవారానికల్లా తిప్పి పంపుతుంది."
వాడన్నదీ నిజమే.
తొక్కిన బట్ట తిరిగి తీసుకోనని
నా షరతుల్లో ఆరోది, నేనే పెట్టుకున్నది.

రాత్రి గోరువెచ్చటి నీళ్ళు పట్టాను.
వేడి తగిలితే అలుగుతుంది ఉన్ని, పిండితే అలుగుతుంది,
మిల్లులో పదిహేనేళ్ళు దాని అలకలు తీర్చినదాన్ని.
చారిక కరిగి బేసిను అడుగుకు దిగింది,
బూడిదరంగు మన్ను, మధ్యలో తుప్పు నలుసులు.
వేళ్ళ మధ్య రాసి చూశాను.
ఈ మన్ను నాకు తెలుసు.
మా ఔడెనార్డె వెనక రాళ్ళు పరిచిన మిట్టది.
పోయిన ఆదివారం పాత సైకిళ్ళ వాళ్ళు వెళ్ళింది ఆ దారినే.
పై మలుపులో గరిటె పట్టుకుని
ఉల్లి సూపు పోస్తూ నిలబడింది నేనే.
ఆకుపచ్చ జెర్సీ ఏదీ పైకి వచ్చిన గుర్తు లేదు.

చేతులు తుడుచుకుని ఒక్క ముక్క రాశాను:
"మిట్ట ఎక్కగలిగారా?
ఇట్లు, గోడెలీవ్."

అర్ధరాత్రి దాటాక జవాబు.
"లేదు.
మా ఊళ్ళో ఎత్తంటే కాలవ మీది వంతెన.
మూడో వంతులో దిగిపోయి తోసుకుంటుంటే
ఒక ముసలాయన నా జెర్సీ రంగు చూసి టోపీ తీశాడు.
ఆయన కుర్రతనంలో ఆ క్లబ్బేనట.
అక్కడే పక్కదారి పట్టి వెనక్కి వచ్చేశాను.
ఇంట్లో దాన్ని కొక్కేనికి చూడలేకపోయాను.
మీ గడుల్లో నాకు కావలసినది లేదు,
దగ్గర్లో ఉన్నది నొక్కాను.
డబ్బు అక్కర్లేదు."

ఎనభై అయిదు యూరోలు.
ఉతికిన కూలి ఆరు పట్టుకుని
మిగతాది పంపేశాను.
కేకు గురించి ఏ షరతూ లేదు,
పిచ్చుకలకు వేశాను.

వర్ణనలో ఒక వాక్యం చేర్చాను:
"ఈ ఏప్రిల్‌లో ఒకసారి తొక్కారు,
మిట్టలో మూడో వంతు దాకా."
వన్నెస్ చదివి తల పట్టుకున్నాడు,
"ఇలా రాస్తే ఎవరు కొంటారత్తా?"

ఏమో.
తువ్వాలు మీద పరిచింది ఇంకా ఆరలేదు.
మోచేతి రఫ్ఫు వేలితో తడిమి చూశాను,
గట్టిగానే ఉంది.