పదకొండో కార్డు

శ్రీకాకుళం మీటింగులో పోగైన కార్డులు
కాశీబుగ్గలో బస్సు దిగేసరికి
చెమటకి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

పదిమందికి ఒకటే మెసేజి:
"నమస్కారమండి, మొన్న కలిశాం, మాది పలాస, జీడిపప్పు."
తొమ్మిది నీలం టిక్కులు,
ఒక బొటనవేలు.

పదకొండోది బరంపురం మిఠాయి కొట్టాయనది.
నంబరు మీద నా వేలి జీడిమరక.
చివరంకె ఏడో, ఒకటో.
మొహం గుర్తులేదు గానీ
నా చేతులు చూసి "కాలుతుందా?" అని
అడిగింది ఆయనొక్కడే.
ఆ వేళ నవ్వి ఊరుకున్నాను.

ఏడు నొక్కాను.
ఎవరో ముసలమ్మ ఒరియాలో కసిరింది.
ఒకటి నొక్కాను.
"ఎవరండీ?"

రేటు చెబుదామని గొంతు సవరించుకున్నదాన్ని
"కాలుతుందండీ," అన్నాను,
"ఆముదం రాసుకున్నా సరే."

అటునుంచి తూకం గిన్నె చప్పుడు.
ఆగింది.
"ఓ... పలాసమ్మా!"