అర బ్లేడు

మూడు సెకన్లుంటాడు ఆయన తెర మీద.
ఎడమ నుంచి మంచు, కుడి నుంచి గడ్డం,
మధ్యలో కుక్క.
ఆ బొమ్మల సీరియల్లో తెలివంతా కుక్కదే,
ఇంటాయన ఉత్త వాగుడుకాయ.

కుక్క నోరు నాలుగుసార్లు తెరుచుకుంటుంది.
ఆ నాలుగింట్లో రష్యా నవలాకారుడి పేరు పట్టాలి,
ఒక ఎగతాళి పట్టాలి,
వెనకాల నవ్వులకు జాగా మిగలాలి.

బైరాగిపట్టెడలో మేడ మీద గది,
గోడలనిండా కోడిగుడ్ల అట్టలు,
ఫ్యాను ఆపితే గానీ రికార్డింగ్ లేదు.
నేను మాటలు రాస్తాను,
నిమిషానికి నూటపది రూపాయలు.

ఇది ఆరో ఎపిసోడు. ఆయన ముందు కూడా వచ్చినాడు.
రెండో దాంట్లో ఆయన పుస్తకం
ఊగే భోజనాల బల్ల కాలి కింద.
నాలుగో దాంట్లో చంటిది దాన్ని ఎత్తి దించి
కండలు పెంచింది.
రాసినవాళ్ళెవరో ఆయన్ని చదివే ఉంటారు.
చదవనివాళ్ళకు ఇంత పగ ఉండదు.

చెన్నై నుంచి ఫోను:
"ఆ ముసలాయనెవరో మనోళ్ళకు తెలీదమ్మా,
లోకల్‌గా ఏదన్నా ఎయ్యి."

లోకల్‌గా నాకు
కింది వాటాలో చెంగల్రాయుడున్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు కొండ మీద కల్యాణకట్టలో
అర బ్లేడు కత్తికి తొడిగి
ఏ ఊరని అడిగి,
జవాబొచ్చేలోపు సగం తల దించినవాడు.
షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య
మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకం చదివినవాడు,
బ్లేడు చుట్టిన కాగితం గుర్తుగా పెట్టుకుని.
"ఒక్కో మనిషికి మూడు పేర్లు మేయ్,
టోకెన్ నంబరన్నా ఇచ్చింటే బాగుండు."

బస్టాండు కాడ పాత పుస్తకాల బండి మీద
నాలుగు రూపాయలకు కొన్నాడంట,
మొదటి ముప్పైరెండు పేజీలు లేకుండా.
ఎవరి పెళ్ళో తెలియకుండా పంక్తిలో కూచున్నట్టు
ముప్పైమూడో పేజీ నుంచి
ఆ కథలో కూచున్నాడు.
కొత్తది తెప్పిస్తానంటే వద్దన్నాడు ఒకసారి.
"మొదలు ఇట్లుంటుందని ఇన్నేళ్ళూ నేనొకటి అనుకుంటా ఉండా.
ఇప్పుడు కాదని తేలితే యాడికి పోయేది?"

లోపలి బొమ్మలో రచయిత ముఖాన్ని
పనివాడి కన్నుతో చూసేవాడు.
"ఇది మొక్కు గడ్డం కాదు.
మొక్కు గడ్డమైతే రోజులు లెక్కబెట్టుకుంటా తడుముకుంటారు.
ఇది మర్చిపోయిన గడ్డం.
రెండు అర బ్లేడ్లు పడతాయి."

రాత్రి ఫోను పట్టుకుని కిందికి దిగినాను.
కుక్క పుస్తకం తెరిచింది,
మొదటి పేజీ మీద మూతి ఆనించి గురక పెట్టింది.
నవ్వులు.
చెంగల్రాయుడు నవ్వలేదు.
"ఎనక్కి పో."
పోయినాను.
"ఆపు. ఆడ్నే.
మొదటి పేజీ కదా అది?"

అద్దాలు పంచె కొసతో తుడిచి
ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని
రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి,
కుక్క చెవి పక్కకు జరపబోయినట్టు
బొటనవేలితో తెర మీద ఒకసారి తోసి,
చానాసేపు చూసినాడు.
నీళ్ళ ట్యాంకరు వీధిలోకి వచ్చి, బిందెల గోల మొదలై,
అదీ సద్దుమణిగింది.

"గీతలు మేయ్," అన్నాడు చివరికి.
"ఉత్త వంకర గీతలు."

పదకొండింటికి ఫైలు పంపినాను.
కుక్క నోట్లో నేను పెట్టింది
"ఏ కొండకు మొక్కో గడ్డం!"
నాలుగు తెరుపులు, సరిగ్గా.
చెన్నైవాళ్ళకు తెగ నచ్చింది.
పేరు ఎగిరిపోయింది.
ఇక్కడా రాయడం లేదు నేను,
అమ్ముకున్న పేరు మళ్ళీ వాడుకోడానికి
నోరు రావడం లేదు.

ఆదివారం పొద్దున మనవరాలు టీవీ పెట్టింది.
మంచు, గడ్డం, కుక్క.
అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వినాడు,
దగ్గొచ్చేదాకా, కళ్ళు తుడుచుకునేదాకా.
ఆ నవ్వు నాకు ఇచ్చినాడో,
నా దగ్గర దాచుకున్నాడో తెలీలేదు.

తర్వాత సబ్బు ప్రకటన వస్తుంటే
ఎవరితోనూ కాకుండా అన్నాడు:
"రెండు చాలవు.
మూడు పడతాయి."