తిరుగు కవరు

పద్నాలుగేళ్లు ఈ దీవిలో ఉత్తరాలు పంచాను.
ఆర్క్‌నీలో, ఉత్తరం కొసన, వెస్ట్రేలో.
చెట్లు లేవు, గాలికి అడ్డూ లేదు.
నేను తలుపు తట్టకముందే నా టోపీ
ఇంట్లోకి వెళ్లిన రోజులున్నాయి.

థోరా డ్రీవర్‌ది పీతల ఫ్యాక్టరీలో పని.
వేళ్ల నిండా గాట్లు, గాట్ల మీద ప్లాస్టర్లు.
పోస్టాఫీసంటే నా వంటింటి పక్క గదే.
నెలకోసారి, శనివారం, అక్కడికొచ్చి
పొడుగాటి కవరొకటి తూకంలో పెట్టేది.
ఎడిన్‌బరో. ఒక్కోసారి డబ్లిన్. ఒకసారి కార్డిఫ్.
లోపల ఇంకో కవరు, మూడు మడతలు పెట్టి,
దాని మీద తన పేరు, తన చిరునామా,
తన డబ్బులతో కొన్న స్టాంపు.
"వాళ్లు వద్దనడానిక్కూడా
ఛార్జీ నేనే ఇచ్చుకోవాలి" అంది ఒకసారి
నవ్వుతూ, చిల్లర లెక్కపెడుతూ.

నేను కవిత్వం చదివేవాణ్ని కాను.
తూకం తెలుసు.
మందంగా తిరిగొస్తే అన్నీ వెనక్కొచ్చినట్టు.
పల్చగా వస్తే ఏదో ఒకటి అక్కడ ఆగినట్టు.
విప్పక్కర్లేదు.
ఆమె గేటు నుంచి గుమ్మానికి నలభై అడుగులు.
ఆ నలభై అడుగులూ
ఆమెకింకా తెలియనిది నా చేతిలో ఉండేది.
మంత్రసానికీ డాక్టరుకీ ఉండాల్సిన బరువది,
జీతం మాత్రం పోస్ట్‌మాన్‌ది.

ఆమె చేతిరాతలోనే ఆమెకు ఉత్తరం.
మూడు నెలల కింద నమ్మకంగా బయల్దేరిన అక్షరాలు
ఏ ఊరూ చూడనట్టు
తలొంచుకుని ఇల్లు చేరేవి.
"మందంగానే ఉంది కదూ?" అనేది
తలుపు తీయకుండానే.
నా అడుగుల చప్పుడులో తెలిసిపోయేదట.

ఆ ఫిబ్రవరిలో తుఫాను.
నాలుగు రోజులు ఓడ రాలేదు.
అయిదో రోజు సంచిలో అది,
చేప పొలుసంత పల్చగా.
ఆ రోజు నా వరస తప్పాను.
పాస్టరు గారి కరెంటు బిల్లు ఆగింది,
ముసలి ఫ్లెట్ పింఛను ఆగింది,
పింఛను ఆగినందుకు ఆయన పెట్టిన శాపనార్థాలు
ఇప్పటికీ గుర్తే.

ఆమె చదివింది. మళ్లీ చదివింది.
"వేసుకుంటారట. ఒక్కటి.
ఒక్క మాట మారిస్తే."
ఏ మాట?
"డ్రివ్."

మా దగ్గర వానకు చాలా పేర్లు.
పడుతున్నట్టు తెలియకుండా పడి
ఎముకల్లోకి దిగాక గానీ
వాన అనిపించని వాన, డ్రివ్.
తీగ మీది బట్టలు తీయమని
మా అమ్మ అరిచింది ఆ మాటతోనే.
మా నాన్న పడవ ఆ మాటలోకే వెళ్లి కనబడకుండా పోయి
చీకటి పడే వేళకి
మళ్లీ అందులోంచే వచ్చింది.
పాఠకులకు అర్థం కాదట.
జల్లు అని పెట్టమంటున్నారట.

"జల్లు వేరు" అన్నాను.
కవిత్వం మీద నేను అన్న మాట
ఇన్నేళ్లలో అదొక్కటే.

ఆమె ఏమీ అనలేదు.
వారమంతా ఆలోచించి ఉంటుంది,
పీత డెక్కలు విరుస్తూ,
పెంకుల్లోంచి తెల్లటి కండ లాగుతూ.
శనివారానికి ఇంకో రెండు వేళ్లకు ప్లాస్టర్లు.

కవరు తూకంలో పెట్టాను.
ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.
"ఒక్క స్టాంపు చాలు" అన్నాను.
"తెలుసు" అంది.
లోపల తిరుగు కవరు లేదు.

బయట అది పడుతూనే ఉంది.
ఆమె చేతిరాత తడవకుండా
సంచి మూతికి రెండు ముళ్లు వేశాను.