కొమ్ములు లెక్కపెట్టని రాత్రి

యూట్లాండ్‌లో ఫిబ్రవరి. బడి గదిలో సభ.
పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని
నలభై ఒక్క మంది పాడి రైతులు.
నల్లబల్ల మీద ఎవరో చెరపడం మరిచిన ఏడో ఎక్కం.
నేను గుమస్తాను, యెప్పే టోఫ్ట్‌ని.
పొద్దున పాల డబ్బాలు తూస్తాను,
రాత్రి సభ తీర్మానాలు రాస్తాను.
రెండు పనుల్లోనూ నా చేతులది ఒకటే పులిసిన వాసన.
నాకు ఆవు లేదు. కాబట్టి ఓటూ లేదు.

ఈ డెయిరీ ఎవరిదని పొరుగూరి వాళ్లు అడుగుతుంటారు.
దొరది కాదు, బ్యాంకుది కాదు,
పాలు పోసేవాళ్లది.
ఎవరు పోసిన పాలను బట్టి వాళ్ల పాలు,
ఏడాది చివర మిగిలిన సొమ్మునీ అలాగే పంచుతాం.
అప్పు దగ్గరకొస్తే మాత్రం
అందరి సంతకాలూ ఒకే కాగితం మీద:
ఒకడు మునిగితే తక్కినవాళ్లు మోసుకుని ఈదాలి.
ఈ మాట చెప్పగానే
కొత్తగా చేరవచ్చినవాళ్లు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుతారు.

ఆ రాత్రి లౌస్ట్ ఓవర్‌గోర్ లేచాడు.
అరవై ఆవులవాడు. వెన్న తీసే ఆవిరి యంత్రం కొందామంటాడు.
"నావి అరవై, ఆమెది ఒకటి," అన్నాడు
కిటికీ దగ్గర కూర్చున్న మారెన్ వైపు చూడకుండా.
"నా ఓటూ ఆమె ఓటూ ఒకే బరువైతే
ఇక నీ త్రాసెందుకయ్యా, గుమస్తా?"

నాకు పాలుపోలేదు.
అధ్యక్షుడు ఈవర్ నియమావళి తెరిచాడు,
కళ్లద్దాల కోసం జేబులన్నీ తడుముకున్నాడు.
మేమే ఎన్నుకున్నాం, మేమే దించగలం,
అందుకేనేమో ఏదైనా నిదానంగా వెతుకుతాడు.

మారెన్ లేచింది. చేతిలో సగం అల్లిన మేజోడు.
"మా ఎర్రది ఒట్టిపోయి ఆరు వారాలు.
ఈ నెల నేను పోసింది సున్నా.
నేనింకా సభ్యురాలినేనా,
లేక అది ఈనేదాకా గుమ్మం బయట నిలబడాలా?"

నియమావళిలో ఆ ప్రశ్న లేదు.
అది రాసినవాళ్లందరికీ
ఒకటికి మించి ఆవులుండేవి.

గుమస్తా మాట్లాడకూడదు. చదవొచ్చు.
పోయిన మే నెల పుట తీసి చదివాను:
గాలికుంటు సోకిన పద్దెనిమిది రోజులూ
లౌస్ట్ ఓవర్‌గోర్, పోసిన పాలు, ఏమీ లేదు.
అదే పుటలో, నాలుగు వరసల కింద,
లౌస్ట్ ఓవర్‌గోర్, ఓటు, ఒకటి.

ఎవరూ నవ్వలేదు.
లౌస్ట్ నోరు తెరిచి, మూసి,
చిన్నపిల్లాడి బల్లలో మళ్లీ మెల్లగా ఇమిడాడు.
మారెన్ చెబుతుంటే ఆ రాత్రే రాశాం కొత్త నియమం:
ఆవు ఒట్టిపోయినంత మాత్రాన
మనిషి ఒట్టిపోడు.

తర్వాత టోపీ తిరిగింది.
తెల్ల బఠాణీ అవును, నల్ల బఠాణీ కాదు.
ఏ గింజా మరో గింజకన్నా లావుగా లేదు.
ఇరవై రెండు తెల్లవి, పంతొమ్మిది నల్లవి.
యంత్రం కొనాల్సిందే.
లౌస్ట్ గెలిచాడు,
కొమ్ములు లెక్కపెట్టకుండానే.

మెట్ల మీద మంచు దులుపుకుంటూ మారెన్ అంది:
"నాది నల్లదే. అప్పంటే నాకు భయం."
అయినా అప్పు కాగితం మీద సంతకం చేసింది,
లౌస్ట్ సంతకం కిందే,
అతని అక్షరాలకన్నా పెద్ద అక్షరాలతో.

మర్నాడు తెల్లవారుజామున
అరవై ఆవుల డబ్బాలు ముందుగా వచ్చాయి.
త్రాసు వాటివైపు వంగింది, వంగాల్సినంత.
పోయడానికేమీ లేని మారెన్ కూడా వచ్చింది.
అల్లిక నూలు విప్పి
యంత్రం పెట్టే గది గుమ్మం కొలిచింది,
మళ్లీ కొలిచింది.
"దూరదు," అంది.

నిజమే, దూరదు.
వడ్రంగికి కబురు పెట్టాం.